భయం వెనుక మనిషి

తిరువళ్ళూరు నుండి అరక్కోణం మీదుగా తిరుత్తణికి పోయే రైలు దారిలో తిరువాలంగాడు అనే స్టేషను ఉంది. శివుని ఐదు నాట్యసభలలో ఒకటైన రత్నసభ ఈ ఊరిలోనే ఉంది. కారైక్కాల్ అమ్మైయార్ అనే భక్తురాలు తన సుందర రూపాన్ని విడిచి, పేయ్ రూపాన్ని కోరి పొంది, ఈ ఊరిలోనే స్వామి పాదాల చెంత పాడుతూ ఉండిపోయిందని పెరియపురాణం చెబుతుంది. తమిళంలో పేయ్ అంటే దయ్యం. ఆ ఊరి పక్కనే పళయనూరు అనే పల్లె. తమిళనాట పేరుపడిన నీలి కథకు పుట్టినిల్లు ఆ పల్లె. ఏడవ శతాబ్దంలో తిరుజ్ఞానసంబంధర్ తిరువాలంగాడుపై పాడిన పాటలోనే ఈ కథ ప్రస్తావన కనిపిస్తుంది. అంటే ఈ కథ వయస్సు పదమూడు వందల సంవత్సరాలకు పైమాటే.

భయం కలిగించే కథను ఎలా చదవాలో తెలుసుకోవడానికి ఈ కథ మంచి ఉదాహరణ. పైగా ఇది ఎక్కడో దూరదేశపు కథ కాదు. తిరువళ్ళూరు, తిరుత్తణి విద్యార్థులకు ఇది పొరుగూరి కథ.

నీలి కథ

నీలి కథకు పలు రూపాలున్నాయి. వాటి సారాంశం ఇది. ఒక భర్త తన భార్యను ఈ ప్రాంతపు అడవిలో చంపి, ఎవరికీ తెలియకుండా తన దారిన తాను పోయాడు. ఆ హత్యకు సాక్షి లేడు, విచారణ లేదు. మరుజన్మలో అతడు వర్తకుడై పుట్టాడు. చనిపోయిన భార్య నీలి అనే పేయ్ అయింది. వర్తకుడు పళయనూరు వైపు వచ్చినప్పుడు నీలి అతని వెంటబడింది. అతని వద్ద మహిమగల కత్తి ఉన్నందువల్ల దగ్గరకు పోలేకపోయింది. అప్పుడు అతని భార్య రూపం దాల్చి, ఒక జెముడు కొమ్మను బిడ్డగా మార్చి చంకనెత్తుకొని, ఊరిపెద్దలైన డెబ్బైమంది వెళ్ళాళుల ముందు నిలిచి ఏడ్చింది. భర్త తనను వదిలి పోతున్నాడని మొరపెట్టుకుంది.

ఆమె తన భార్య కాదు, పేయ్ అని వర్తకుడు ఎంత చెప్పినా పెద్దలు నమ్మలేదు. అతని చేతి కత్తిని తీసివేయించి, ఆ రాత్రికి ఇద్దరినీ ఒకే ఇంట ఉండమన్నారు. అతనికి ప్రాణహాని కలిగితే తమ ప్రాణాలు ఇస్తామని మాట ఇచ్చారు. తెల్లవారేసరికి వర్తకుడు శవమై పడి ఉన్నాడు. నీలి కనిపించలేదు. ఆడిన మాట తప్పడం ఇష్టం లేక డెబ్బైమందీ అగ్నిప్రవేశం చేశారు.

ఈ కథ నుండి తమిళంలో ‘నీలిక్కణ్ణీర్’ అనే పలుకుబడి పుట్టింది. నీలిక్కణ్ణీర్ అంటే నీలి కన్నీరు, అనగా దొంగ ఏడుపు. తెలుగులో ఆ భావానికి ‘మొసలి కన్నీరు’ అనే జాతీయం ఉంది. తమిళ వాక్యాన్ని తెలుగు చేసేవారు ‘నీలిక్కణ్ణీర్’ ఉన్నచోట ‘మొసలి కన్నీరు’ అని రాస్తే అర్థం చెడదు. కాని నీలి అనే స్త్రీ ఆ వాక్యం నుండి మాయమైపోతుంది.

ఇక్కడ పాఠకుడు ఆగి ఆలోచించాలి. నీలి పెద్దల ముందు కార్చిన కన్నీరు మాయదే కావచ్చు. అయితే అడవిలో ప్రాణం పోయేటప్పుడు ఆమె కార్చిన కన్నీరు నిజమైనదే కదా! ఆ కన్నీటిని చూసినవారు లేరు. జరిగిన హత్యను గురించి అడిగినవారు లేరు. కథ విన్నవారికి డెబ్బైమంది త్యాగం గుర్తుంది. నీలి మోసం గుర్తుంది. కథకు మూలమైన మొదటి చావు మాత్రం మరుగున పడిపోయింది. అడవిలో జరిగిన ఒక అన్యాయం సకాలంలో విచారణకు రాకపోవడం వల్ల చివరకు ఊరిపెద్దలందరూ బలైపోయారు. భయాన్ని కాస్త పక్కకు తొలగించి చూస్తే ఈ కథలో కనిపించే సంగతి ఇదే.

భయానకం, కరుణం

మన ఆలంకారికులు భయానకాన్ని ఒక రసంగా గుర్తించారు. దానికి స్థాయీభావం భయం. చీకటి, శ్మశానం, వింత ధ్వనులు మొదలైనవి ఆ భయాన్ని ఉద్దీపింపజేస్తాయి. కేవలం ఒళ్ళు గగుర్పొడిపించడమే ధ్యేయంగా రాసిన కథలు చాలా ఉన్నాయి. పుస్తకం మూయగానే వాటి పని అయిపోతుంది. మంచి భయానక కథ అలా కాదు. అది భయంతో మొదలై కరుణలో ముగుస్తుంది. దయ్యాన్ని చూసి వణికిన పాఠకుడు కథ చివరకు వచ్చేసరికి ఆ దయ్యం మీదనే జాలిపడతాడు. ఆమెకు లేక అతనికి ఈ గతి ఎవరివల్ల పట్టిందని అడుగుతాడు.

తెలుగు పిల్లలకు ఇటువంటి కథలు కొత్త కాదు. మద్రాసు నుండి 1947 జూలైలో వెలువడటం ప్రారంభించిన ‘చందమామ’ మాసపత్రిక భేతాళ కథలను ఇంటింటికీ చేర్చింది. వాటికి మూలం సంస్కృతంలోని వేతాల కథలు. పదకొండవ శతాబ్దంలో కాశ్మీర కవి సోమదేవుడు వాటిని తన కథాసరిత్సాగరంలో చేర్చాడు. శ్మశానం, చెట్టుకు వేలాడే శవం, శవంలో భేతాళుడు, ఇవన్నీ భయం గొలిపేవే. అయితే భేతాళుడు విక్రమార్కుని భయపెట్టి ఊరుకోడు. కథ చెప్పి, అందులో న్యాయం ఎవరి పక్షాన ఉందో చెప్పమని అడుగుతాడు. తెలిసి కూడా చెప్పకపోతే తల పగిలిపోతుందంటాడు. భయం గొలిపే కథ చివర న్యాయాన్ని గురించిన ప్రశ్న ఉండటం మన కథాసంప్రదాయంలో ఇంత పాతది.

అన్ని దేశాలలోనూ మంచి రచయితలు ఈ మార్గాన్నే అనుసరించారు. తమ సమాజంలో సూటిగా చెప్పడం కష్టమైన దురాచారాన్నో, అన్యాయాన్నో వారు దయ్యం కథగా చెప్పారు. అనువాదాల మూలంగా ఆ కథలు మనకు అందుతున్నాయి. అటువంటి కథలు కొన్నింటిని పరిశీలిద్దాం.

బ్రతికి ఉన్న దయ్యం

రవీంద్రనాథ్ ఠాగూరు 1892లో బెంగాలీలో ‘జీవిత ఓ మృత’ అనే కథ రాశారు. ‘బ్రతికినది, చచ్చినది’ అని దాని అర్థం. అందులోని కాదంబిని పిల్లలు లేని వితంతువు. బావగారింట ఉంటూ వారి కుమారుణ్ణి ప్రాణంగా పెంచుతుంది. ఒక వర్షాకాలపు రాత్రి ఆమె హఠాత్తుగా స్పృహ తప్పి పడిపోతుంది. చనిపోయిందనుకొని శ్మశానానికి చేరుస్తారు. చితికి కట్టెల కోసం ఎదురుచూస్తున్న సమయంలో శవం కదలగా, కాపలా ఉన్నవారు హడలి పారిపోతారు. తిరిగి వచ్చేసరికి శవం కనిపించదు. దహనం పూర్తయిందని వారు ఇంటివారితో అబద్ధం చెబుతారు.

కాదంబినికి స్పృహ వచ్చినా తాను బ్రతికి ఉన్నానన్న నమ్మకం కలగదు. శ్మశానం నుండి లేచి వచ్చినందువల్ల తాను ప్రేతమేనని ఆమె అనుకుంటుంది. స్నేహితురాలి ఇంట్లో కొన్నాళ్ళు తలదాచుకుంటుంది. అక్కడా నిజం బయటపడి అందరూ భయపడతారు. చివరకు అత్తవారింటికి తిరిగి వస్తుంది. జబ్బుతో ఉన్న పిల్లవాడు మాత్రమే ఆమెను చూసి భయపడడు. పెద్దలందరూ ఆమెను వెళ్ళిపొమ్మని వేడుకుంటారు. తాను చావలేదని ఎంత చెప్పినా ఎవరూ వినరు. నుదురు పగులగొట్టుకొని నెత్తురు చూపినా నమ్మరు. ఆమె పరుగున పోయి ఇంటి వెనుక కొలనులో దూకుతుంది. అప్పుడుగాని ఆమె అంతవరకు బ్రతికే ఉన్నదని లోకానికి తెలియలేదు.

ఈ కథలో నిజానికి దయ్యమే లేదు. అయినా దయ్యం కథకు ఉండవలసిన భయమంతా ఉంది. ఆ కాలపు సమాజంలో వితంతువు స్థితి ఎటువంటిదో తెలిస్తే కథలోని అసలు అర్థం బోధపడుతుంది. ఆమెకు శుభకార్యాలలో చోటు లేదు, ఇంట్లో అధికారం లేదు, తనదని చెప్పుకోవడానికి బిడ్డ లేదు. భర్త పోయిన రోజుననే ఇంటివారు ఆమెను సగం చనిపోయినదానిగా లెక్కవేశారు. శ్మశానం నుండి తిరిగి వచ్చాక మిగిలిన సగాన్ని కూడా కాదన్నారు.

1856లో వితంతు పునర్వివాహ చట్టం వచ్చింది. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు తొలి వితంతు వివాహం జరిపించారు. ఆ తరువాత పదకొండేళ్ళకు ఠాగూరు ఈ కథ రాశారు. చట్టం వచ్చినంత మాత్రాన ఇంటి లోపలి చూపు మారలేదని కాదంబిని కథ తెలియజేస్తుంది. వీరేశలింగంగారి కృషిని గురించి చదివిన తెలుగు విద్యార్థికి ఈ బెంగాలీ కథ పరాయిదిగా తోచదు.

రెండువందల పౌండ్లు

ఆంగ్ల రచయిత డబ్ల్యు. డబ్ల్యు. జేకబ్స్ 1902లో ‘ది మంకీస్ పా’ అనే కథను ప్రచురించాడు. ‘కోతి పంజా’ అని దాని అర్థం. భారతదేశం నుండి వచ్చిన ఒక సైనికుడు, ఎండిపోయిన కోతి పంజాను స్నేహితుడైన వైట్ ఇంటికి తెస్తాడు. ఒక ఫకీరు దానికి మంత్రశక్తి ఇచ్చాడనీ, అది ముగ్గురికి తలా మూడు కోరికలు తీరుస్తుందనీ చెబుతాడు. వైట్ తన ఇంటి అప్పు తీరడానికి రెండువందల పౌండ్లు కోరుకుంటాడు. మరునాడు కొడుకు పనిచేసే కర్మాగారం నుండి మనిషి వస్తాడు. కొడుకు యంత్రంలో పడి మరణించాడని చెబుతాడు. ఈ ప్రమాదంలో కంపెనీకి ఏ బాధ్యతా లేదంటాడు. అయినా అతని సేవలను గుర్తించి కొంత సొమ్ము ఇస్తున్నామంటాడు. ఆ సొమ్ము సరిగ్గా రెండువందల పౌండ్లు.

తరువాత కథ మరింత భీతి గొలుపుతుంది. కొడుకును తిరిగి బ్రతికించమని కోరుకోవలసిందిగా తల్లి పట్టుబడుతుంది. ఆ రాత్రి ఎవరో తలుపు తడతారు. నలిగిపోయిన ఆ దేహం ఏ రూపంలో వచ్చిందోనని తండ్రి వణికిపోయి, తల్లి గడియ తీసేలోగా మూడవ కోరిక కోరుకుంటాడు. తలుపు తెరిచేసరికి వీధి నిర్మానుష్యంగా ఉంటుంది.

చాలామంది ఈ కథలో అత్యాశకు తగిన శిక్షను మాత్రమే చూస్తారు. కాని వైట్ కోరుకున్నది రాజ్యం కాదు, నిధి కాదు. ఒక సామాన్య కుటుంబపు ఇంటి అప్పు తీరడానికి కావలసిన సొమ్ము. కథలో మంత్రంతో పనిలేకుండా జరిగే దారుణం ఒకటుంది. యంత్రం యువకుణ్ణి మింగివేస్తే, యజమాని బాధ్యతను కాదని, ప్రాణానికి తానే ఒక వెల కట్టి చేతిలో పెట్టడమే ఆ దారుణం. పనిలో గాయపడిన, మరణించిన శ్రామికులకు నష్టపరిహారం ఇచ్చే చట్టం బ్రిటన్‌లో 1897లో, భారతదేశంలో 1923లో వచ్చింది. అటువంటి చట్టం ఎందుకు అవసరమైందో వైట్ ఇంటి గుమ్మంలో నిలబడి తడబడుతూ మాట్లాడిన ఆ కంపెనీ మనిషిని చూస్తే అర్థమవుతుంది.

పళ్ళిపట్టు, పొదటూరుపేట ప్రాంతాలలో మగ్గాన్ని నమ్ముకున్న కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. గుమ్మిడిపూండి పారిశ్రామికవాడకు పనికి పోయే యువకులూ ఉన్నారు. ఇంట్లో ఒకరు యంత్రం దగ్గర పనిచేసే విద్యార్థి ఈ కథ చదివితే, తలుపు తట్టిన చప్పుడు కంటే మొదట వచ్చిన ఆ కంపెనీ మనిషి మాటలే ఎక్కువగా భయపెడతాయి.

అనువాదంలో ఈ కథకు మరొక విశేషం కలుగుతుంది. ఆంగ్ల పాఠకునికి భారతదేశం దూరమైన వింతదేశం. అందుకే రచయిత మంత్రశక్తిని భారతదేశపు ఫకీరు నుండి తెచ్చాడు. తెలుగు పాఠకునికి ఫకీరు వింత కాదు. యంత్రాల ఆ కర్మాగారమే వింత. ఒకే కథలో ఏది వింత, ఏది మామూలు అనేది చదివేవారు నిలబడిన చోటును బట్టి మారిపోతుంది. అనువాద కథలు చదివేవారు ఈ సంగతి గమనించాలి.

ఊరు ముద్రవేసిన తల్లి

మహాశ్వేతాదేవి (1926–2016) ఆదివాసుల, దళితుల బ్రతుకులను దగ్గరగా చూసి రాసిన బెంగాలీ రచయిత్రి. 1996 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారం ఆమెకు లభించింది. ఆమె రాసిన ‘బాయెన్’ కథలోని చండీదాసి డోమ్ కులానికి చెందిన స్త్రీ. చనిపోయిన పసిపిల్లలను పూడ్చి, ఆ గోతులకు కాపలా కాయడం ఆమెకు తండ్రి తాతల నుండి వచ్చిన పని. ఊరికి ఆ పని అవసరమే. కాని ఆ పని చేసే మనిషి మీద ఊరికి అనుమానం. ఆమెకు బిడ్డ పుట్టాక ఆ అనుమానం పెరిగి పెద్దదవుతుంది. చివరకు ఆమెను బాయెన్ అని ముద్రవేసి ఊరి బయటకు వెళ్ళగొడతారు. కట్టుకున్న భర్తే ఆ సంగతి ఊరికి ప్రకటిస్తాడు. అప్పటి నుండి ఆమె రైలుపట్టాల దగ్గర గుడిసెలో ఒంటరిగా ఉంటుంది. దారిన పోతే డబ్బా మోగించి తాను వస్తున్నట్లు హెచ్చరించాలి. ఆమెను ఎవరూ చూడకూడదు. కన్నకొడుకు భగీరథుడు కూడా చూడకూడదు.

ఒక రాత్రి దొంగలు రైలును పడగొట్టడానికి పట్టాల మీద వెదురుబొంగులు పేర్చడం ఆమె చూస్తుంది. ఆమెను చూసి దొంగలు పారిపోతారు. రైలు దూసుకొని వస్తుంటే ఆమె ఎదురు పరుగెత్తి దానిని ఆపి తన ప్రాణం పోగొట్టుకుంటుంది. మరణించిన ఈమె ఎవరని అధికారులు అడిగినప్పుడు ఊరివారు తలలు దించుకుంటారు. భగీరథుడు ముందుకు వచ్చి ఆమె తన తల్లి అని అందరి ఎదుటా చెబుతాడు.

ఈ కథను అనువదించేవారికి ‘బాయెన్’ అనే మాట దగ్గరే చిక్కు వస్తుంది. మంత్రగత్తె అందామంటే సరిపోదు. మంత్రగత్తెను చంపవచ్చునట గాని, బాయెన్‌ను చంపితే ఊరి పిల్లలు చనిపోతారట. కనుక ఆమెను చంపకుండా వెలివేసి బ్రతకనిస్తారు. తెలుగులో దయ్యం, పిశాచం, కొరివిదయ్యం, శాకిని, ఢాకిని అని ఎన్ని మాటలున్నా ఈ అర్థం ఇచ్చే మాట లేదు. అందువల్ల ఆ మాటను అలాగే ఉంచి, కథ నడకలోనే దాని అర్థం తెలిసేటట్లు చేయడం మేలు. తెలియని మాట ఎదురైనప్పుడు పాఠకుడు దానిని దాటిపోకూడదు. ఆ సమాజపు నమ్మకం, క్రూరత్వం రెండూ ఆ మాటలోనే దాగి ఉంటాయి.

ఇది కల్పిత కథ అయినా ఇందులోని దురాచారం కల్పితం కాదు. మంత్రగత్తె అనే నెపంతో స్త్రీలను హింసించడాన్ని నిషేధిస్తూ 1999లో బీహారులో ప్రత్యేక చట్టం చేయవలసి వచ్చింది. తెలుగునాట కూడా చేతబడి, బాణామతి చేశారన్న అనుమానంతో మనుషులను కొట్టిన, చంపిన ఘటనలు జరిగాయి. భయం కథలో ఉన్నంతవరకు ఆలోచన కలిగిస్తుంది. అదే భయం ఊరి మీద పడితే నోరులేని మనిషిని వెదికి పట్టుకుంటుంది. సాధారణంగా ఆ మనిషి ఒంటరి స్త్రీ, వృద్ధురాలు లేక పేదవాడు అయి ఉంటాడు. దయ్యం కథలు చదివితే మూఢనమ్మకాలు పెరుగుతాయని కొందరు పెద్దలు సందేహిస్తారు. చండీదాసి కథ చదివిన విద్యార్థి, ఇంకొకరిని వేలెత్తి చూపి మంత్రగత్తె అనడానికి వెనుకాడతాడు. భగీరథునిలా ముందుకు వచ్చి మాట్లాడే ధైర్యం అతనికి కలిగినా కలగవచ్చు.

నల్లని నీరు

ఇటీవలి కాలపు కథలలోనూ ఈ లక్షణం కనిపిస్తుంది. దక్షిణ అమెరికాలోని అర్జెంటీనా రచయిత్రి మరియానా ఎన్రీకెస్ స్పానిష్ భాషలో రాసిన కథల సంపుటి ఒకటి 2016లో వెలువడింది. మేగన్ మెక్‌డవెల్ చేసిన ఆంగ్లానువాదం 2017లో వచ్చింది. అందులోని ఒక కథ బ్యూనస్ ఏర్స్ నగరపు దక్షిణపు అంచున పారే రియాచ్యుయెలో నది ఒడ్డున జరుగుతుంది. తోళ్ళ కర్మాగారాలు మొదలైనవాటి వ్యర్థాలు కలిసి ఆ నీరు నల్లబడిపోయింది. పోలీసులు ఇద్దరు పేద కుర్రవాళ్ళను ఆ నీటిలోకి తోసివేస్తారు. కొంతకాలానికి వారిలో ఒకడు ఆ నీటి నుండి లేచి వచ్చాడన్న మాట పుడుతుంది. విచారణ జరిపే అధికారిణి ఆ మురికివాడకు వెళ్ళి అక్కడ భయంకర దృశ్యాలు చూస్తుంది.

నీటి నుండి లేచి రావడం కల్పన. నది విషమైపోవడం మాత్రం నిజం. 2002లో బ్యూనస్ ఏర్స్ పోలీసులు కొందరు యువకులను బెదిరించి ఆ నదిలోకి దింపగా ఒక యువకుడు మునిగి మరణించాడు. ఆ పోలీసులకు న్యాయస్థానం శిక్షలు విధించింది.

ఇంత దూరపు కథ తిరుత్తణి విద్యార్థికి ఎందుకని అనిపించవచ్చు. తిరుత్తణికి ఎంతో దూరం లేని రాణిపేట మొదలుకొని ఆంబూరు, వాణియంబాడి వరకు పాలారు పరీవాహక ప్రాంతంలో తోళ్ళ పరిశ్రమ విస్తరించింది. ఆ వ్యర్థాలతో నేల, నీరు పాడైపోగా ప్రజలు సుప్రీంకోర్టును ఆశ్రయించారు. 1996 ఆగస్టు 28న ఆ వ్యాజ్యంలో తీర్పు వచ్చింది. కాలుష్యానికి కారకులైనవారే నష్టాన్ని భరించాలనే సూత్రాన్ని ఆ తీర్పు మన దేశపు చట్టంలో భాగంగా గుర్తించింది. పాలారును ఎరిగిన పాఠకునికి రియాచ్యుయెలో నది పేరు మాత్రమే కొత్త. ఆ వాసన కొత్త కాదు.

చదివే పద్ధతి

ఇటువంటి కథలను చదివేటప్పుడు కొన్ని ప్రశ్నలు వేసుకోవడం మంచిది. మొదటిది, కథలో దయ్యం కాకముందు ఆ మనిషి ఎవరు? రెండవది, ఆ మనిషికి జరిగిన అన్యాయం ఏది? మూడవది, అది జరిగినప్పుడు మాట్లాడవలసినవారు ఎందుకు మాట్లాడలేదు? నాలుగవది, అటువంటిది మన ఊరిలో ఉందా? కాదంబిని మాట ఇంటివారు వినలేదు. వైట్ కొడుకు చావుకు కంపెనీ బాధ్యత వహించలేదు. చండీదాసి పక్షాన భర్త కూడా నిలబడలేదు. నదిలో మునిగిన కుర్రవాళ్ళు పేదలు కనుక వారి ప్రాణాలను ఎవరూ లెక్కచేయలేదు. దేశం, భాష, కాలం వేరైనా ఈ కథలన్నింటిలో జరిగినది ఒకటే. ఎవరూ వినని మొర దయ్యమై తిరిగి వచ్చింది.

అనువాదం విషయంలోనూ కొంత మెలకువ అవసరం. కథ ఏ భాషలో పుట్టింది, ఎప్పుడు పుట్టింది, తెలుగులోకి నేరుగా వచ్చిందా లేక ఆంగ్లం మీదుగా వచ్చిందా అని చూడాలి. మనకు తెలియని ఆచారం కనిపిస్తే దానిని గురించి అడిగి తెలుసుకోవాలి. భయం ఏ భాషలోనైనా సులభంగా అర్థమవుతుంది. ఆ భయానికి మూలమైన జీవితం అర్థం కావడానికే పాఠకుడు శ్రమపడాలి.

ఈ శ్రమ తిరువళ్ళూరు, తిరుత్తణి ప్రాంతపు తెలుగు విద్యార్థులకు కొత్త కాదు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి ప్రాంతం చిత్తూరు జిల్లా నుండి మద్రాసు రాష్ట్రంలో చేరింది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం వింటూ పెరిగే పిల్లలు రోజూ తమకు తెలియకుండానే అనువాదం చేస్తూ ఉంటారు. అవ్వ తెలుగులో చెప్పిన మాటను అంగడిలో తమిళంలో చెబుతారు. అక్కడ విన్న సంగతిని ఇంటికి వచ్చి తెలుగులో చెబుతారు. ఏ మాట అటు నుండి ఇటు సులభంగా వస్తుందో, ఏ మాట రాక మొండికేస్తుందో వారికి అనుభవం మీద తెలుసు. ఒకే భాష తెలిసినవారికి లేని సౌకర్యం ఇది.

నీలి మరో కథ

నీలి కథ పళయనూరు అగ్నిగుండంతో ముగిసిపోలేదు. ‘నీలకేశి’ అనే తమిళ జైన కావ్యం ఆమె కథను మరొక విధంగా చెప్పింది. తమిళంలోని ఐదు లఘుకావ్యాలలో అది ఒకటి. అందులో పళయనూరు నీలి, జంతుబలిని మాన్పించిన ఒక జైనమునిని భయపెట్టి తరిమివేయాలని వస్తుంది. ఎన్ని భయంకర రూపాలు చూపినా ముని చలించడు. ఆమెను తిట్టడు, మంత్రంతో బంధించడు. అహింసను గురించి నెమ్మదిగా బోధిస్తాడు. నీలి మారిపోతుంది. ఆ తరువాత ఊరూరా తిరిగి పండితులతో వాదాలు చేసి గెలుస్తుంది.

జైనమతం గొప్పతనం చాటడానికి ఆ కవి కథను ఇలా మలచుకొన్నాడన్నది స్పష్టమే. అయినా అందులో గమనించదగినది ఒకటుంది. మొదటి కథలో పెద్దలకు ఆమె కన్నీరే కనిపించింది, ఆ కన్నీటి వెనుక ఉన్న చావు కనిపించలేదు. రెండవ కథలో ఒక మనిషి భయపడకుండా నిలబడి ఆమెతో మాట్లాడాడు. అంతవరకు ఏడవడం, చంపడం మాత్రమే తెలిసిన నీలికి అప్పుడు మాట వచ్చింది.

తిరువాలంగాడు స్టేషను దాటేటప్పుడు రైలు కిటికీలో నుండి చూస్తే నీలి కనిపించదు. నీలి వంటి స్త్రీలు మాత్రం ఏ ఊరిలోనైనా ఉండవచ్చు. వారు కన్నీరు పెట్టినప్పుడు నీలిక్కణ్ణీర్ అని నవ్వి ఊరుకోకుండా, ఏం జరిగిందమ్మా అని అడగగలిగిన విద్యార్థి ఈ కథలను సరిగా చదివినట్లే.